దవడలో తాండ్ర ముక్క

సైకిలు తొక్కేవాడు మామిడి తాండ్రను కొరికి మింగకూడదు. గోరంత ముక్క తుంచి దవడన పెట్టుకోవాలి. అది నాని మెత్తబడ్డాక నెమ్మదిగా నమలాలి. నమిలినప్పుడల్లా గుక్కెడు నీళ్ళు తాగాలి. ఈ పద్ధతి నాకు నేర్పినవాడు ఐదో తరగతి దాకా నా పక్కన కూర్చుని చదివి, ఆ తర్వాత మామిడి తోటల్లోకి కూలికి పోయిన నా స్నేహితుడు. మాది నూజివీడులో వర్తకుల ఇల్లు. వాడి తండ్రి తోట కాపలాదారు. బడి మానేశాక కూడా మా ఇద్దరికీ మాటలు తెగలేదు. వాడు నన్ను ‘శెట్టీ’ అని ఎగతాళిగా పిలిచేవాడు, నేను వాణ్ణి ‘ఒరే’ అనేవాణ్ణి.

ఎనభైల మొదట్లో బాపులపాడు వైపు ఒక ఊళ్ళో నాకు మాస్టరు ఉద్యోగం వచ్చింది. ఒంటిపూట బడుల రోజుల్లో నేను తెల్లవారకముందే సైకిలు మీద బయల్దేరేవాణ్ణి. అదే వేళకు వాడు కాయల గంపలు వెనక కట్టుకుని హనుమాన్ జంక్షన్‌లో లారీలకు అందించడానికి పోయేవాడు. గంపల బరువుకు సైకిలు ముందు చక్రం పైకి లేస్తుండేది. వాడు హ్యాండిల్ మీద ఒళ్ళంతా వంచి తొక్కేవాడు. ఖాళీ సైకిలు మీద నేను ఎంత తొక్కినా వాడి వెనకే ఉండేవాణ్ణి.

"ఏం తిని వచ్చావురా?" అని అడిగాను ఒకసారి.

"ఏం తినలేదు. అన్నం తిని తొక్కితే కడుపులో రాయి పడినట్టుంటది. తినకుండా తొక్కితే చెరువుకట్ట దాటేలోపు కాళ్ళు పిండయిపోతాయి. ఇదిగో, ఇది పెట్టుకో," అని జేబులోంచి ఆకులో చుట్టిన తాండ్ర తీసి ఇచ్చాడు. "కొరక్కు! పళ్ళకి అంటుకుంటే నీ బళ్ళో బలపంతో గీక్కోవాలి. నీళ్ళు తాగు. నీళ్ళు లేకుండా తింటే నోరు ఎండిపోద్ది."

"మా కొట్లో కట్టలు కట్టలున్నాయి. ఎవరూ నాకీ సంగతి చెప్పలేదు."

"మీ నాన్న తూకం చూసుకుంటాడు గానీ రుచి ఎప్పుడు చూశాడు?"

ఆ తాండ్ర వాడి భార్య చేసింది. రసాల గుజ్జులో బెల్లం కలిపి ఈతచాప మీద పలచగా పూస్తారు. ఎండాక దాని మీద ఇంకో పూత. అలా పూత మీద పూత ఎండి వేలెడు మందం అయ్యేసరికి వేసవి సగం గడిచిపోతుంది. ఆమె పూసిన చాప మీద ఎక్కడ చూసినా ఒకటే మందం ఉండేది. తాండ్ర ఎండబెట్టే కళ్ళాల్లో పెద్ద చాపలు ఆమెకే అప్పజెప్పేవాళ్ళు.

ఇప్పుడు ఆటగాళ్ళు దూరాలు పరిగెత్తేటప్పుడు, సైకిళ్ళు తొక్కేటప్పుడు నమలడానికి రంగు కాగితాల్లో చుట్టిన తీపి ముక్కలు అమ్ముతున్నారు. ఒంట్లో శక్తి నిలపడానికి అని వాటి మీద రాసి ఉంటుంది. నాకు వాటిని చూస్తే వాడి దవడ గుర్తొస్తుంది. నా చేతిలో మళ్ళీ ఒక వాదం తప్ప ఇంకేమీ మిగలదు. ఆ వాదం ఏమిటో చెబుతాను.

ఆ కాలంలో ఊళ్ళల్లో ‘దిగకుండా సైకిలు’ అనే ఆట ఉండేది. మైదానంలో వెదురు కర్రలతో గుండ్రంగా కంచె కట్టి, ట్యూబులైట్లు వేసి, మైకు పెట్టేవాళ్ళు. ఒక మనిషి వారం రోజులు సైకిలు దిగకుండా ఆ గుండ్రంలో తిరిగేవాడు. తిరుగుతూనే అన్నం తినేవాడు, తిరుగుతూనే స్నానం చేసేవాడు, హ్యాండిల్ మీద తల వాల్చి కునుకు తీసేవాడు. మిగతా అవసరాలకు చుట్టూ దుప్పట్లు పట్టుకునేవాళ్ళు. బయటి ఊళ్ళవాళ్ళు వచ్చి ఈ ఆట ఆడి పోయేవారు. ఒక వేసవిలో మామిడి వ్యాపారుల కమిటీకి మన ఊరివాడే తొక్కితే బాగుంటుందనిపించింది. గంపలు మోసే నా స్నేహితుణ్ణి పిలిచారు. వారం పూర్తిచేస్తే బస్టాండు పక్కనున్న రేకుల షెడ్డు ఇస్తామన్నారు. వాడికి ఆ షెడ్డులో పంక్చర్ల కొట్టు పెట్టుకోవాలని కోరిక. గంపలు మోసీ మోసీ అప్పటికే వాడి నడుము చెడింది. ఇంకో రెండు మూడు కాపులకు మించి మోయలేనని వాడికి తెలుసు. షెడ్డు వాడికి సరదా కాదు, మిగిలిన బతుకంతా దాంట్లోనే ఉంది.

మొదట్లో అంతా ఆటగానే నడిచింది. భార్య క్యారేజీలో పెరుగన్నం తెచ్చి కంచె దగ్గర నిలబడేది. వాడు తిరుగుతూ వచ్చి ముద్ద అందుకునేవాడు. హ్యాండిల్‌కి నీళ్ళ సీసా వేలాడేది. కుర్రకారు ఈలలు వేసేది. వాడు చేతులు వదిలేసి తొక్కేవాడు, సీటు మీద మోకాలు పెట్టి నిలబడేవాడు. నన్ను చూసి, "శెట్టీ, నువ్వూ ఎక్కు, ఒక రౌండు తిప్పుతా!" అని అరిచేవాడు.

మైకు దగ్గర ఒకాయన ఉండేవాడు. మైకుసెట్లు అద్దెకిచ్చే కొట్టు ఆయనది. మాటలంటే ఆయనకు ప్రాణం. ఎవరి పెళ్ళయినా, చావయినా మైకు పట్టుకుంటే విశేషణాలు లేకుండా వాక్యం ముగించడు. జనం పలచబడిన ఒక సాయంత్రం ఆయన గొంతెత్తాడు: "అదిగో... మన నూజివీడు ముద్దుబిడ్డ... ఆంజనేయ స్వామి దీక్షలో మునిగి తేలుతున్న మహా వీరుడు..."

దీక్ష! ఆ మాట ఆయన నోట్లోకి ఎక్కణ్ణించి వచ్చిందో ఆయనకే తెలియదు. కంచె పక్కన నిలబడిన ఒక ముసలమ్మ మాత్రం విన్నది. "దీక్షలో ఉన్నాడంట గదా నాయనా, మరి అన్నం ఎట్టా తింటన్నాడు?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. తప్పు సమాధానానిది. ఆయన మైకులోనే చెప్పాడు: "తల్లీ! దీక్షాపరుడు అన్నం ముట్టడు! నీరు ముట్టడు!"

అంతే. మర్నాడు పొద్దున్నకల్లా కొబ్బరికాయలు వచ్చాయి. మధ్యాహ్నానికి మైలవరం వైపు నుంచి ట్రాక్టర్ల మీద జనం వచ్చారు. మహిమ ఎలా పుడుతుందని నన్ను మా హేతువాద సభల్లో ఎందరో అడిగారు. పుట్టడం నేను కళ్ళారా చూశాను. దానికి దేవుడూ అక్కర్లేదు, దయ్యమూ అక్కర్లేదు. వాక్యం ఖాళీగా ఉండకూడదనుకునే ఒక మైకు మనిషి, అడిగినదానికి ‘తెలియదు’ అని చెప్పలేని ఒక నోరు ఉంటే చాలు.

నేను ఆయన దగ్గరికి వెళ్ళాను.

"దీక్ష అని మీకెవరు చెప్పారండీ?"

"మాటకి బాగుంటుందని అన్నానండీ మాస్టారూ. ఊరికే సైకిలు తొక్కుతున్నాడంటే ఎవరొస్తారండీ?"

"వాడు తినాలి కదండీ! మళ్ళీ మైకులో చెప్పండి, పొరపాటున అన్నానని."

ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "ఇంత జనాన్ని చూశారా? పొరపాటని చెప్తే నా మైకుసెట్టు మిగులుద్దా, నేను మిగులుతానా?"

ఆ పూటే క్యారేజీ వెనక్కి పంపేశారు. హ్యాండిల్‌కున్న నీళ్ళ సీసా విప్పేసి, అక్కడ నిమ్మకాయల దండ కట్టారు. రోహిణి కార్తె ఎండ. నేల మీద కాలు పెడితే బొబ్బలెక్కుతుంది. అలాంటి ఎండలో ఒక మనిషి చుట్టూ తిరుగుతున్నాడు, వేలమంది వాడికి నీళ్ళు అందకుండా భక్తితో కాపలా కాస్తున్నారు.

నేను నా సైకిలు తీసుకుని కంచె లోపలికి పోయాను. మాస్టరునని, వర్తకుల ఇంటివాణ్ణని ఎవరూ అడ్డు చెప్పలేదు. వాడి పక్కన తొక్కుతూ మాట్లాడాను.

"దిగరా."

"దిగితే షెడ్డు పోద్ది."

"అయితే తిను. తొక్కితే ఇస్తామన్నారు గానీ పస్తుంటే ఇస్తామన్నారా?"

"అది ముందు మాట. ఇప్పుడు తిన్నానంటే షెడ్డు కాదు, తన్నులిస్తారు." వాడి పెదాలు పగిలి ఉన్నాయి. అయినా నవ్వాడు. "ఆడోళ్ళు నా కాళ్ళకి మొక్కుతున్నార్రా శెట్టీ. నిన్న పొద్దున దాకా నన్ను గుమ్మంలోకి రానియ్యని ఇళ్ళోళ్ళు."

అప్పుడు వాడి దవడ కదలడం చూశాను.

"నోట్లో ఏంటది?"

"అరవకు. తాండ్ర. మా ఆడది కండువా అంచులో ముక్కలు పెట్టి కుట్టింది. మొహం తుడుచుకున్నట్టు లాగుతున్నా."

"మరి నీళ్ళు?"

ఇంకో చుట్టు తిరిగాక, "నీళ్ళు ఏ మడతలో దాచుకోనురా?" అన్నాడు.

నేను తిన్నగా కమిటీ పెద్ద దగ్గరికి పోయాను. ఆయన నాకు పెదనాన్న వరస, మామిడి కమీషన్ వ్యాపారి. కుర్చీలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. పక్కన సోడా కాయలున్నాయి. నీళ్ళు లేకపోతే మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో ఆయనకు చెప్పాను. చెమటతో ఉప్పు, నీరు పోతాయని, రక్తం చిక్కబడుతుందని, వాడు చచ్చిపోతాడని చెప్పాను.

"ఏమబ్బాయ్," అన్నాడాయన. "దేవుడు లేడంటావు కదా. లేనివాడి మీద ఇంత కోపమెందుకు నీకు?"

"నా కోపం ఉన్నవాళ్ళ మీద పెదనాన్నా. మీ మీద."

"వాడేమన్నా ఏడుస్తున్నాడా? నవ్వుతూ తొక్కుతున్నాడు. నీకే ఎండ తగిలినట్టుంది, ఒక సోడా తాగు."

"ఆ సోడా వాడికిప్పించండి."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఒకడు, "మాస్టారు దీక్ష భగ్నం చేసే రంభ అండీ," అన్నాడు. ఇంకోసారి నవ్వారు. పెదనాన్న నవ్వలేదు. గొంతు తగ్గించి, "అబ్బాయ్, నేనూ నిన్ననే అనుకున్నా, ఇది ముదిరిందని. ఇప్పుడు ఆపితే ఈ జనం కమిటీని బతకనివ్వరు. ఇంకెన్ని రోజులులే, ఓర్చుకుంటాడు," అన్నాడు. నాకు మహిమను నమ్మిన మూర్ఖుల కంటే ఈయన మీదే ఇప్పటికీ ఎక్కువ కోపం. ఆయనకు నమ్మకం లేదు. నమ్మకం లేకుండానే ఇంకొకడి దాహాన్ని ఓర్చుకున్నాడు.

వాడికి ఒక్క దారి మిగిలింది. ఎండ తీవ్రతకు ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి, తిరుగుతున్న వాడి నెత్తిన పోసేవారు. వాడు తల వెనక్కి వాల్చి, పరవశంలో ఉన్నట్టు నోరు తెరిచేవాడు. అలా నాలుగు గుక్కలు లోపలికి పోయేవి. అది చూసి నా ప్రాణం కుదుటపడింది. బతికేస్తాడు అనుకున్నాను. కానీ భక్తి ఉన్నచోట ఉండదు, ఎదుగుతుంది. దీక్షలో ఉన్నవాడికి ఉత్త నీళ్ళు పోయడమేమిటని ఎవరికో తోచింది. మర్నాటి నుంచి బిందెల్లో పసుపు కలిపారు. ఆ మీద కుంకుమ. ఆ మీద వేపాకు నూరి కలిపారు. వాడు నోరు తెరిచాడు, చేదుకు ఉమ్మేశాడు. వాడు ఉమ్మిన పసుపు నీళ్ళు పడిన మట్టిని ఒకామె కొంగున కట్టుకుంది.

నేను ఒక చెంబు మంచినీళ్ళు తీసుకుని కంచె దాటాను. ఈసారి ఆపారు. నా చేతిలో చెంబు లాక్కుని, నా చొక్కా చింపి, బయటికి గెంటారు. గెంటినవాళ్ళలో నా దగ్గర చదివినవాళ్ళూ ఉన్నారు. "ఏమనుకోకండి మాస్టారూ," అంటూనే గెంటారు. పోలీసుల దగ్గరికి పోయాను. నీళ్ళు తాగించడం లేదని ఫిర్యాదు ఏమని రాసుకోవాలయ్యా అన్నారు. డాక్టరును తీసుకొచ్చాను. ఆయన కంచె బయటి నుంచి చూసి, దింపాలి అన్నాడు. దింపేదెవరు?

ఆ తర్వాత వాడి సైకిలు తూలడం మొదలైంది. గుండ్రంగా తిరగాల్సినవాడు అడ్డదిడ్డంగా పోయాడు. కళ్ళు పైకి తిరిగిపోయాయి. ఏదో గొణుగుతున్నాడు. వడదెబ్బ తగిలినవాణ్ణి చూసినవాళ్ళకు అది ఏమిటో తెలియాలి. ఆ మైదానంలో వడదెబ్బ ఎరగని కూలి మనిషి ఒక్కడూ లేడు. పొలంలో పక్కవాడు అలా తూలితే ఎత్తుకుని నీడకు పరిగెడతారు, ఉల్లిపాయ రసం రాస్తారు, మజ్జిగ పోస్తారు. కానీ ఆ రోజు ఒకరు ‘పూనకం!’ అని అరిచారు. అరవగానే వాళ్ళ కళ్ళకు కనబడేది మారిపోయింది. డప్పులు తెచ్చారు. తూలినప్పుడల్లా డప్పు జోరు పెంచారు. ఆ జోరులో వాడు కంచె మీద పడిపోయాడు.

పడ్డాక కూడా హారతి ఇచ్చారు. వాడి భార్య జనం కాళ్ళ మధ్యలోంచి దూరి వచ్చి, మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని అరిచిన అరుపుకు డప్పులు ఆగాయి. మా సభలవాళ్ళం నలుగురం వాణ్ణి కాయల లారీ ఎక్కించి బెజవాడ తీసుకుపోయాం. గడ్డి పరిచిన లారీలో, కాయల మధ్య, వాడి నోట్లో చుక్క చుక్క నీళ్ళు పోశాం. పెదాల మూలల్లోంచి కారిపోయాయి.

ఆసుపత్రిలో డాక్టరు వాడికి చివరిసారి ఒంటేలు ఎప్పుడొచ్చిందని అడిగాడు. ఎవరికీ తెలియదు. మూత్రపిండాలు ఎండిపోయాయి అని మాకు అర్థమయ్యే మాటల్లో చెప్పాడు. నీళ్ళు లేక ఇదంతా, అన్నాడు.

వాడికి తెలివి వచ్చింది. ముఖం ఉబ్బిపోయి ఉంది. చూడటానికి ఊరివాళ్ళు వచ్చేవారు, దణ్ణం పెట్టేవారు. వాడు వాళ్ళను చూసి ఏడ్చేవాడు. ఒకసారి అందరూ వెళ్ళాక నా చెయ్యి పట్టుకున్నాడు.

"తినకుండా ఉండాల్సిందిరా శెట్టీ. దొంగతనంగా తిన్నా. దీక్ష చెడింది. అందుకే కొట్టాడు."

"ఎవడ్రా కొట్టింది? నీళ్ళు లేక ఇట్టా అయ్యావు. డాక్టరుని అడుగు."

"నాలాంటోడి కాళ్ళకి అంతమంది మొక్కారు. నేను నోట్లో తాండ్ర పెట్టుకుని మొక్కించుకున్నా."

"నీకు దీక్ష ఎవడు ఇచ్చాడురా? ఆ మైకువాడు! మాటకి బాగుంటుందని అన్నానని నాతో చెప్పాడు."

వాడు కళ్ళు మూసుకున్నాడు. "ఆడి నోట ఆయనే పలికించాడేమో. నీకేం తెలుసు?"

నేను ఎన్నో సభల్లో వాదించాను. పండితులతో, స్వాములతో, మాటకారులతో. నన్ను ఓడించినవాడు వాడొక్కడే. ఆ వాదానికి నా దగ్గర జవాబు లేక కాదు. చచ్చిపోతున్నవాడి తల కింద నుంచి దిండు లాగినట్టు ఆ జవాబు చెప్పాలి. చెప్పాను కూడా. చెప్పడం నా ధర్మమనుకున్నాను. వాడు వినలేదు. రెండు వారాలు గడవకముందే పోయాడు.

పోయేముందు చూడ్డానికి వచ్చిన ప్రతివాడితో తాండ్ర సంగతి చెప్పుకున్నాడు. పాపం చెప్పుకుంటే పోతుందని ఆశ కాబోలు. దాంతో ఊరికి కావలసిన కారణం దొరికింది. మైకువాడు తప్పించుకున్నాడు. కమిటీ తప్పించుకుంది. షెడ్డును కమిటీవాళ్ళు కాయలు మాగబెట్టుకోవడానికి తీసుకున్నారు. పసుపు నీళ్ళు పోసినవాళ్ళు తప్పించుకున్నారు. దేవుడూ తప్పించుకున్నాడు, ఎందుకంటే ఆయన దీక్ష తప్పినవాణ్ణి శిక్షించాడు, అంటే ఉన్నాడని రుజువైంది. అందరూ తప్పించుకోగా ఒక్క మనిషి మిగిలింది. కండువా అంచులో ముక్కలు కుట్టినామె.

"పెనిమిటికి తాండ్ర పెట్టి చంపుకుంది," అన్నారు. పై వేసవిలో కళ్ళాల్లో ఆమెను చాపల దగ్గరికి రానివ్వలేదు. ఆ చేత్తో పూస్తే సరుకు ఎవరు కొంటారన్నారు. గుజ్జు తీశాక మిగిలిన టెంకలు ఏరి కుప్పపోసే పని ఇచ్చారు. ఈగల మధ్య కూర్చుని చేసే పని.

నేను ఊరుకోలేదు. గ్రంథాలయం హాల్లో సభ పెట్టించాను. ఎదుటి పక్షాన ఒక పురాణ ప్రవచనకారుణ్ణి పిలిచాం. ఆయన గంటన్నర మాట్లాడాడు, నేను అరగంట మాట్లాడాను. నీళ్ళ గురించి, ఉప్పు గురించి, మైకు గురించి, పూనకం అన్న ఒక్క మాట కళ్ళను ఎలా కప్పేసిందో చెప్పాను. చప్పట్లు నాకే ఎక్కువ పడ్డాయి. నేను నెగ్గానని మా వాళ్ళు టీలు తెప్పించారు. టీ తాగుతుంటే ఒకాయన వచ్చి, "చాలా బాగా చెప్పారండీ. కాకపోతే ఆవిడ తాండ్ర పెట్టకుండా ఉండాల్సింది," అన్నాడు.

మర్నాడు కళ్ళానికి పోయాను. ఆమె టెంకల కుప్ప దగ్గర ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"కూర్చో చెల్లెమ్మా. నిన్న సభలో అందరి ముందూ చెప్పాను. నీ తప్పేం లేదు. వాడు పోయింది తాండ్ర వల్ల కాదు, నీళ్ళు లేక. డాక్టరు నాతో చెప్పాడు."

ఆమె చేతులకు అంటిన పీచు చీర కుచ్చెళ్ళకు తుడుచుకుంది.

"నీళ్ళుంటే బతికేవాడాండీ?"

"బతికేవాడు."

"నీళ్ళు లేకుండా తాండ్ర తింటే దాహం ఎక్కువవుద్దాండీ?"

అబద్ధం చెప్పొచ్చు. చాలామంది మంచివాళ్ళు చెప్పేవారు. నేను చెప్పలేకపోయాను.

"అవుతుంది," అన్నాను.

"మరి వాళ్ళనేది నిజమేగదండీ."

కాదని గట్టిగా అన్నాను. చాపల దగ్గరున్న ఆడవాళ్ళు తలలెత్తి చూశారు. నేను మొదటి నుంచీ మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాను: నీళ్ళ సీసా విప్పినవాడెవడు, పసుపు కలిపినవాళ్ళెవరు, ఆపగలిగి ఆపనివాడెవడు. నువ్వు పెట్టిన ముక్కలే వాడిని అన్ని రోజులు నిలబెట్టాయి అన్నాను. ఆమె కిందికి కూర్చుని టెంకలు ఏరుతూ, నేను చెప్పిన ఒక్కొక్క మాటకీ "అవునండీ," "అవునండీ," అంటూ వచ్చింది. పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు అడ్డు చెప్పకూడదని నేర్చుకున్నవాళ్ళు అనే తీరులో అన్నది.